కరెంటు బొంత

బతుకమ్మ పండుగకు కుట్టించిన లంగా అంచు వంకరగా వచ్చింది. అక్షిత నిలబడితే ఎడమవైపు అంచు నేలను రాసుకుంటోంది, కుడివైపు కాలి పట్టీ మొత్తం కనిపిస్తోంది. దర్జీ రజిత అంచు విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ అంతే అయింది.

"టేపు వెట్టి కొలిసిన టీచరమ్మా," అంది రజిత, లంగాను బల్ల మీద పరిచి చూపిస్తూ. "ఇగో చూడున్రి, కిందేసి చూస్తే గీత గీసినట్టున్నది. మీ బిడ్డ ఏసుకుంటెనే ఒంకర వోతాంది."

"నేనేం జేసిన?" అంది అక్షిత. "మీకు నా ఒక్కదాని మీదనే పగ, ఆంటీ."

"అవ్ మరి, నువ్వు నా సవతి బిడ్డవు గద! సక్కగ నిలవడు."

"సక్కగనే నిలవడ్డ."

రజిత నవ్వుతూ పిల్ల నడుముకు రెండు వైపులా చేతులు ఆనించి సరిచేయబోయింది. ఆమె చేతుల్లో ఒకటి పైన, ఒకటి కింద ఉన్నాయి. నేను అది చూశాను. లంగా తర్వాత తీసుకుంటానని చెప్పి పాపను ఇంటికి తీసుకొచ్చాను.

చెప్పులు విప్పించి గచ్చు మీద నిలబెట్టాను. తర్వాత మంచం మీద పడుకోబెట్టి రెండు మడమలూ పక్కపక్కన చేర్చాను. ఎడమ మడమ కుడి మడమను అందుకోలేదు. చిటికెనవేలి మందం తేడా ఉంది.

"అమ్మా, చక్కిలిగిలి అయితాంది," అంటూ అక్షిత కాళ్ళు లాక్కుంది.

వాకిట్లో మా అత్తమ్మ బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. "తల్లీబిడ్డలు ఏంది, గంత నవ్వుతాన్రు?" అని కేకేసింది. ఏమీ లేదు అత్తమ్మా అన్నాను.

మాది కోరుట్ల. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. అక్షిత, ఇంట్లో అందరికీ అచ్చి, ఐదో తరగతి. నా భర్త మధుకర్ లేరు. మెట్‌పల్లి రోడ్డు మీద బండి జారి ఆయన తొడ ఎముక విరిగింది. ప్లేటు వేసినా అతకలేదు. నెలల తరబడి మంచంలోనే ఉన్నారు. కదలని కాలిలో గడ్డకట్టిన రక్తం ఒకరోజు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. పొద్దున చాయ్ తాగి కప్పు నా చేతికి అందించిన మనిషి మధ్యాహ్నానికి లేరు.

ఆయన చెల్లెలు మమత హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. విరిగిన చోట రాగి తీగ చుట్ట పెట్టి అయస్కాంత క్షేత్రాన్ని ఆగి ఆగి పంపితే కొందరికి ఎముక అతుకుతుందని డాక్టర్లకు చాలా కాలంగా తెలుసు. ఆయనకు అది కూడా పెట్టి చూశారు, ఫలించలేదు. ఆయన పోయాక మమత ఇక ఆ పని తప్ప వేరే పని ముట్టుకోలేదు. ఆమె తయారుచేసిన పరుపు ముందు ఎముకను వింటుంది. ఎముక కట్టుకునే చోట పుట్టే అతి సన్నని విద్యుత్తును పట్టుకొని, దానికి తగ్గట్టు తన స్పందనలను మార్చుకుంటుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికే బలాన్ని పంపుతుంది, ఆ ఖాళీ మూసుకునేదాకా.

అత్తమ్మ జారిపడి తుంటి విరిగినప్పుడు ఆ పరుపు ఇంకా పరీక్షల్లోనే ఉంది. పరీక్షలో చేరిన రోగుల్లో తన తల్లి పేరు కూడా రాయించి, మమత దాన్ని తానే కారులో తెచ్చి పరిచింది.

"చెప్తాన్న విను అమ్మా. దీని మీద ఒక్కదానివే పండాలె. వేరే మనిషి ఎక్కద్దు. గుండెకు మిషన్ పెట్టిచ్చుకున్నోళ్ళు దగ్గర కూసోవద్దు. కడుపుతోని ఉన్నోళ్ళు అసలే రావద్దు."

"మన ఇంట్ల కడుపుతోని ఎవరున్నరే? నేనా?"

నొప్పితో పళ్ళు బిగపట్టుకొని ఉన్న మనిషి ఆ మాట అనేసరికి అందరం నవ్వాం. మధుకర్ పోయాక మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.

అత్తమ్మ దానికి కరెంటు బొంత అని పేరు పెట్టింది. కూతురు చెప్పిన షరతులన్నీ శ్రద్ధగా పాటించింది. పక్కింటి పోశవ్వ నడుము పట్టుకుపోయిందని, ఒక్క పూట పడుకోనిమ్మని బతిమాలితే, "నీ నడుముకు నా బిడ్డ నౌకరి వోతది, నడువ్," అని పంపేసింది. కొడుకు ఫోటో ఉన్న సెల్‌ఫోనును కూడా దూరంగా గూట్లో పెట్టేది. ఎండాకాలం వచ్చేసరికి కర్ర లేకుండా నడిచింది. మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు మమత ఫోనులో తల్లిని అటూ ఇటూ నడిపించి అడుగుల చప్పుడు వింది. వయసు మీద పడ్డ ఎముకలకు మంచిదని, ఇంకొన్నాళ్ళు పరుపు వాడమనే చెప్పింది.

కరీంనగర్‌లో ఎముకల డాక్టరు రెండు మోకాళ్ళ ఎక్స్‌రేలను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"ఎక్కడైనా పడ్డదా అమ్మా? సైకిలు మీద నుంచి?"

"లేదండీ."

"జ్వరం వచ్చి మోకాలు వాచిందా?"

"లేదండీ."

ఆయన కుడి మోకాలి బొమ్మ మీద వేలు పెట్టారు. ఎముక చివర ఒక నల్లటి గీత ఉంది. పిల్లల ఎముక పొడుగు పెరిగేది ఆ మెత్తటి గీత దగ్గరే అని చెప్పారు. పెరగడం అయిపోయాక అది మూసుకొని తెల్లబడుతుందట. ఎడమ మోకాలి బొమ్మలో నాకు ఆ గీత కనిపించలేదు.

"ఈ కాలు పదిహేనేళ్ళ పిల్ల కాలులా ఉంది," అన్నారు. "కుడికాలు ఇంకా పెరుగుతుంది. తేడా కూడా పెరుగుతుంది. ముందుముందు ఆపరేషను చేసి ఆ కాలిని కూడా పెరగకుండా ఆపొచ్చు. లేదంటే దీన్ని సాగదీయొచ్చు. రెండూ పిల్లకు కష్టమే. అసలు ఇలా ఎందుకైందో నాకు అర్థం కావడం లేదు."

బయట బెంచీ మీద అక్షిత అడిగింది. "నా కాలు ఇగ పెద్దగ కాదా అమ్మా?"

"డాక్టరు గారు చూస్తానన్నారు."

"బతుకమ్మ ఆడొచ్చా?"

"ఆడొచ్చు."

"అయితే సోడా తాగుదాం," అంది.

తను సోడా తాగుతుండగా ఎక్స్‌రేల ఫోటోలు మమతకు పంపాను. ఇంట్లో వైద్యం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి పంపాను, వేరే ఆలోచన లేదు. వెంటనే ఫోను వచ్చింది.

"వదినా, అచ్చి ఎక్కడ పంటది?"

"ఎప్పటిలాగే. అత్తమ్మ దగ్గర."

మాట నోట్లోంచి వస్తుండగానే నాకు తెలిసింది. తండ్రి పోయిన నాటి నుంచి పాప నానమ్మ పక్కనే పడుకుంటోంది. తుంటి విరిగిన కొత్తలో నొప్పి తగ్గేదాకా దూరంగా ఉంది. తర్వాత ఎప్పుడు మళ్ళీ చేరిందో ఎవరమూ గమనించలేదు. నిద్రలో నానమ్మ వైపు తిరిగి, ఎడమకాలు తీసి ఆమె తుంటి మీద వేస్తుంది. దుప్పటి కప్పడానికి వెళ్ళి ఎన్నోసార్లు ఆ కాలిని చూశాను.

"ఏ కాలు వదినా, మీద వేసేది?" అంది మమత. సమాధానం తెలిసే అడిగింది. తర్వాత, "బొంత తీగ పీకెయ్యి. ఖరాబైందని అమ్మకు చెప్పు," అంది.

మమత ప్రయోగశాలలో నేలంతా తెల్లగా, చల్లగా ఉంది. పాపకు లోపలి గదిలో స్కానింగు చేస్తున్నారు. మమత నన్ను ఒక తెర ముందు కూర్చోబెట్టింది. పరుపు ముక్క మీద రెండు గాజు గిన్నెలు. ఒకదాంట్లో పెద్దవాళ్ళ ఎముక ముక్క, దాని మధ్యలో పగులు. ఇంకోదాంట్లో, ఏదో ఆపరేషనులో తీసిన పసిపిల్ల ఎముక చివరి భాగం. పోషక ద్రవంలో రెండింటినీ బతికించి ఉంచారు. ఎక్స్‌రే చూసిన రోజే ఆమె ఈ ప్రయోగం మొదలుపెట్టింది. వారాలపాటు నడిచినదాన్ని తెర మీద వేగంగా తిప్పి చూపించింది.

"గీ పగిలింది అమ్మ అనుకో వదినా."

పగులు మీద పచ్చటి వెలుగు నిలిచి ఉంది. స్పందనలు వెళుతున్న చోటు అదేనట. పగులు సన్నబడింది, మాసిపోయింది. వెలుగు కూడా తగ్గింది. కాసేపు అటూ ఇటూ తడుముకుంది. తర్వాత రెండో గిన్నె మీదికి జరిగి అక్కడ నిలబడింది. పసి ఎముకలోని నల్లటి గీత కొద్దికొద్దిగా తెల్లబడటం నేను చూస్తూ కూర్చున్నాను.

"పెరిగే చోటు, విరిగిన చోటు దానికి ఒక్కతీరే వినవడతయి," అంది మమత. "రెండింట్ల మధ్యల ఖాళీ ఉంటది. రెండింట్ల ఎముక కట్టుకుంటాంటది. అమ్మ తుంటి అతికినంక, ఆ తుంటి మీదున్న అచ్చి మోకాలు దొరికింది దానికి. అది తప్పు చేస్తలేదు వదినా. నేను చెప్పిన పనే చేస్తాంది."

"పిల్లల సంగతి ముందే చూడలేదా?"

"పిల్లల కోసం చేసింది కాదు గద. పెద్దోళ్ళ పరుపు. ఒక్కరు పండే పరుపు. మా దగ్గర పరీక్షకు వచ్చినోళ్ళందరు ఒక్కొక్క మంచం మీద ఒక్కొక్కరే పన్నరు." ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఒక్కరే పండాలని ఆ కాయితం మీద రాసింది నేనే."

అప్పుడు అసలు సంగతి చెప్పింది. వచ్చే నెలలో ఆ పరుపులు జిల్లా ఆసుపత్రుల నుంచి ఇళ్ళకు వెళ్ళబోతున్నాయి. అక్షితకు జరిగింది సూచనలు పాటించకపోవడం వల్ల జరిగిందని రాయమని పైవాళ్ళు అంటున్నారు. అలా రాస్తే ఏదీ ఆగదు. పరుపు దుష్ప్రభావమని రాస్తే అన్నీ ఆగిపోతాయి.

"నువ్వేమంటావు మమతా?"

"అన్న పోయిన నాటి నుంచి దీని మీదనే ఉన్న. ఎంతమంది లేచి నడుస్తరో తెలుసా నీకు?"

"తెలుసు. మా ఇంట్లోనే చూశాను."

ఆమె తెర ఆపేసింది.

"అవి వెళ్ళే ఇళ్ళల్లో ఎన్ని ఇళ్ళల్లో నానమ్మల పక్కన పిల్లలు పడుకుంటారు?" అన్నాను.

"నాకు తెల్వదా వదినా? నేను గూడ మా నానమ్మ కాలు మీద కాలేసే పెరిగిన." గొంతు తగ్గించింది. "భద్రతా కమిటీ రోగి నోటి నుంచే వింటది. నువ్వు, నేను చెప్తే నడువది. అమ్మ చెప్పాలె. అమ్మ చెప్పాల్నంటే అమ్మకు తెల్వాలె. కొడుకును పోగొట్టుకున్న మనిషికి, నువ్వు దగ్గరికి తీసుకున్నందుకే పిల్లకు గిట్లయిందని ఎవరు చెప్తరు? నాతోని కాదు."

బస్సులో ఇంటికి వస్తుంటే అక్షిత నా భుజం మీద నిద్రపోయింది. తరగతిలో ఏ కష్టమైన పద్యాన్నయినా పిల్లలకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పగలను. ఈ ఒక్క సంగతిని ఎలా చెప్పాలో, జగిత్యాల దాటినా తేలలేదు.

ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో అత్తమ్మ పక్కన కూర్చొని చెప్పాను.

"అత్తమ్మా, అచ్చి కాలు ఎందుకు పొట్టిగా అయిందో తెలిసింది."

"ఏంది? ఎవరి కండ్లు వడ్డయి?"

"దిష్టి కాదు. బొంత."

"బొంత మీద నేను గద పన్నది?" అంది చుడుతున్న బీడీ మీది నుంచి చూపు తిప్పకుండా.

నేను ఇంకో మాట వెతుక్కునేలోగా ఆమె వేళ్ళు ఆగాయి. దారం సగం చుట్టుకొని ఉంది.

"ఏ కాలు?"

"ఎడమది."

"ఔ," అంది. "ఎడమ కాలే నా మీద ఏస్తది."

తన తుంటి వైపు చూసుకుంది. ఆ బీడీకి దారం ముడి వేసి చాటలో పెట్టింది. చాటను పక్కకు జరిపి లోపలికి వెళ్ళింది. నేను వెళ్ళి చూసేసరికి తన మంచం మీది పిల్ల దిండును నా మంచం మీదికి మార్చి, దాన్ని అరచేత్తో సాపు చేస్తోంది.

ఆ తర్వాత అత్తమ్మ పాపను ముట్టుకోలేదు. బడి నుంచి పరుగెత్తుకొచ్చి మీద పడబోతే, "దూరం, దూరం, బీడీలు ఆగమైతయి," అనేది. జడ వేయమంటే నా దగ్గరికి పంపేది. బతుకమ్మ వచ్చింది. రజిత ఈసారి లంగాను వంకరగా కత్తిరించి కుట్టింది. అక్షిత వేసుకుంటే అంచు చక్కగా ఉంది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొడుతుంటే, ఎడమ అడుగు పడినప్పుడల్లా తల కొద్దిగా కిందికి దిగేది. అత్తమ్మ ఆటకు రాలేదు. గడపలో నిలబడి అక్కడి నుంచే చూసింది.

"నానమ్మకు నా మీద కోపమా?" అని అడిగింది అక్షిత.

"కాదు."

"మరి ఎందుకు దగ్గరికి రానిస్తలేదు?"

చెప్పాను. బొంత సంగతి, కాలి సంగతి పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. తను విని, "నానమ్మ కావాలని చేసిందా?" అంది. లేదన్నాను. "మరి?" అంది.

కమిటీ నుంచి ఇద్దరు మా ఇంటికే వచ్చారు. ఒకరు తలనెరసిన డాక్టరు, ఇంకొకరు కంప్యూటరు మీద రాసుకునే యువకుడు. మమత కూడా వచ్చింది కానీ లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. అత్తమ్మ ఉతికిన చీర కట్టుకొని మంచం అంచున కూర్చుంది.

"దీని మీద ఒక్కరే పడుకోవాలని మీకు చెప్పారు కదమ్మా?" అన్నారు డాక్టరు.

"చెప్పింది. నా బిడ్డనే చెప్పింది. అబద్ధమెందుకు?"

"మరి పాపను ఎందుకు పడుకోబెట్టుకున్నారు?"

అత్తమ్మ ఆయన వైపు ఆశ్చర్యంగా చూసింది. "ఒక్కరంటే ఒక్క పెద్దమనిషి అనుకున్న సారూ. పక్కింటామెను రానియ్యలే. ఫోను గూడ రానియ్యలే. పిల్లను మనిషి లెక్కల ఎవరు వడుతరు? అది నా కొంగు అసొంటిది. కొంగు తీసి పక్కకు వెట్టి పంటమా?"

యువకుడి వేళ్ళు ఆగాయి.

"తండ్రి వోయిన పిల్ల," అంది అత్తమ్మ. "నా కొడుకు వోయిండు. ఇద్దరం ఒకరినొకరం పట్టుకొని పన్నం. ఏ ఇంట్ల ముసల్ది ఒక్కతే పంటది సారూ? మీ అమ్మ ఒక్కతే పంటదా?"

డాక్టరు తన కుర్చీని మంచం దగ్గరికి జరుపుకున్నారు. నెమ్మదిగా అడిగారు. "అయితే పొరపాటు మీదేనని రాసుకోవచ్చా అమ్మా?"

గుమ్మంలో మమత కదిలింది. నేను లేవబోయాను. అత్తమ్మ చేత్తో ఆగమంది.

"నాదని రాయున్రి. నేను కాదంటలేను. గని బొంతది గూడ రాయున్రి. నా ఒక్కదానిదే రాస్తే, రేపు ఇంకో ముసల్ది గూడ గిదే చేస్తది. దానికి గూడ మనుమరాలు ఉంటది."

మమత గడప మీద కూలబడి ముఖం కొంగులో దాచుకుంది. అన్న శవం ముందు కూడా ఆమె ఏడవలేదు. డాక్టరు యువకుడి వైపు తిరిగి, "అంతకుముందు రాసింది తీసెయ్యి. ఆమె అన్నది అన్నట్టు రాయి," అన్నారు.

పరుపులు ఇళ్ళకు వెళ్ళలేదు. పెరిగే ఎముకను, విరిగిన ఎముకను వేరుగా వినగల పరుపు కోసం మమత మొదటి నుంచి మళ్ళీ పని చేస్తోంది. ఎన్నేళ్ళు పడుతుందో తనకే తెలియదు. ఈలోగా ఎక్కడో ఆసుపత్రుల్లో, అతకని ఎముకలతో మధుకర్ లాంటివాళ్ళు మంచాల మీద ఉంటారు. ఫోను చేసినప్పుడల్లా వాళ్ళ గురించే మాట్లాడుతుంది. నేను వింటాను. వాళ్ళను మరిచిపొమ్మని నేనెప్పుడూ చెప్పలేదు.

మా ఇంట్లోని పరుపును కూడా పట్టుకుపోయారు. అత్తమ్మ పాత చీరలతో కుట్టిన తన బొంతను పెట్టెలోంచి తీసి ఎండలో ఆరేసింది. మొన్న సెలవు రోజున భోజనాలయ్యాక దాన్ని మధ్య గదిలో నేల మీద పరుచుకొని పడుకుంది. నేను కిటికీ దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

అక్షిత లోపలికి వచ్చి, ఎడమవైపు అట్ట మందంగా వేయించిన చెప్పుల జత గుమ్మంలో విప్పింది. మెల్లగా నడిచి వెళ్ళి నానమ్మ పక్కన పడుకుంది.

అత్తమ్మ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. "అటు వండు బిడ్డా. అమ్మ తానకు వో."

"ఇది కరెంటు బొంత కాదు గద నానమ్మా."

"కాకుంటేంది? వో అంటాన్న గద."

అక్షిత ఆమె వైపు తిరిగి, ఎడమకాలు తీసి ఆమె మీద వేసింది. అత్తమ్మ చేయి ఆ కాలిని తీసేయడానికి పైకి లేచింది. లేచిన చేయి గాలిలోనే ఆగిపోయింది. నా చేతిలోని ఎర్ర కలం కూడా ఆగింది.

"బరువైందే నీ కాలు," అంది అత్తమ్మ చివరికి.

"పెద్దగైతాన్న గద," అంది అక్షిత కళ్ళు మూసుకొని.

అత్తమ్మ చేయి నెమ్మదిగా దిగింది. పిల్ల మోకాలి మీద, పెరగడం ఆగిన ఆ చోట ఆనింది. ఇక అక్కడి నుంచి తీయలేదు.